రెండు కట్టల లెక్క

ఇరవై ఏళ్లకు పదో తరగతి వాళ్లమంతా కలుస్తున్నామని కార్డు వచ్చిన రోజే దాన్ని చించి పారేసి ఉండాల్సింది. కార్డు మీద వెండి రంగు అక్షరాలు, పైన రెండు పావురాలు. ప్రెస్సులో మిగిలిపోయిన పెళ్లి కార్డుల మీద అచ్చు కొట్టించారని చూడగానే తెలిసింది. కొట్టించినవాడు మా క్లాసువాడే, ఇప్పుడు రైస్ మిల్లు ఓనరు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. లెక్కల పులివి నువ్వు రాకపోతే ఇంకేం ఫంక్షన్ అన్నాడు. ఆ మాటకు పడిపోయాను. పొగిడితే పడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం.

నేను ఖమ్మంలో లెక్కల మాస్టర్ని. పగలు బడి, సాయంత్రం ట్యూషన్లు. మా తాత కృష్ణా జిల్లాలో ఎకరం అమ్మి ఇక్కడ ఐదెకరాలు కొన్నవాడు. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట మా నాన్న మిరప, పత్తి వేసేవాడు. అక్కడి హైస్కూల్లోనే డెబ్బైల మధ్యలో నేను పదో తరగతి చదివాను. ఊరి పేరు రాయను. రాస్తే మా మిల్లు ఓనరు ఈ పుస్తకానికి కూడా శాలువా కప్పుతానంటాడు.

ఆదివారం పొద్దున్నే నా భార్యతో కలిసి వెళ్లాను. బడి ముందు షామియానా, స్టేజీ మీద గుడ్డ బ్యానరు, పెళ్లిళ్లకు వీడియో తీసే మనిషి, చెవులు చిల్లులు పడేలా మైకు. ఒకడు వచ్చి నన్ను కావలించుకుని ఏడ్చాడు. చదువుకునేటప్పుడు వాడూ నేనూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. "ఆ రోజులే వేరురా" అన్నాడు, నోరంతా గుట్కా వాసన. తర్వాత వచ్చినవాడూ అదే మాట, ఆ తర్వాతి వాడూ అదే మాట. ఆ రోజుల్లో ఏముందో ఒక్కడూ చెప్పడు. టిఫిన్ పెట్టిన చోట ఉప్మా మీద ఈగలు ముసిరి ఉంటే అందరూ విసురుకుంటూ తింటున్నారు, నేనూ తిన్నాను.

సైకిల్ స్టాండు పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, పంచె. పక్కన పద్నాలుగేళ్ల పిల్ల, ఆదివారమైనా బడి యూనిఫాంలోనే ఉంది. అతన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టు వెళ్లిపోదామనే చూశాను. ఈలోపు అతనే ఎదురొచ్చాడు.

మాతో పదో తరగతి చదివి పరీక్షలకు ముందు బడి మానేసిన కోయ కుర్రవాడతను. అప్పుడు హాస్టల్లో ఉండేవాడు. వాళ్ల గూడెం వాగు అవతల. ఇప్పుడు ఉన్న కాస్త భూమి చేసుకుంటూ, వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లంలో కట్టలు సరిచూసే పని చేస్తున్నాడట. అతనికి కార్డు పంపలేదు. ఈ బడిలోనే తొమ్మిది చదువుతున్న కూతురి ద్వారా సంగతి తెలిసి వచ్చాడు. "బాగున్నవా సారూ" అన్నాడు. సారేంటి, పేరు పెట్టి పిలవమన్నాను. పిలవలేదు. నేను మాట్లాడుతుంటే నన్ను చెయ్యి పట్టి తన కుడి పక్కకు తెచ్చుకున్నాడు. ఎడమ చెవి వినపడదని చెప్పాడు. ఏ కోపమూ లేకుండా, కాలికి ముల్లు గుచ్చుకుందన్నట్టు చెప్పాడు. తర్వాత, తను వచ్చిన పని చెప్పాడు.

"నేను లెక్కలు మంచిగ చేసేటోణ్నంటే ఈ పిల్ల నమ్ముతలేదు. మా కోయోళ్లకు లెక్కలు రావని బళ్లె ఎవరో అన్నరంట. బడి మానేస్త అంటుంది. నువ్వొక్క మాట చెప్పు సారూ, నువ్వు చెప్తే నమ్ముతది."

చెప్తానన్నాను. ఆ నిమిషంలో చెప్పాలనే అనుకున్నాను. ఆ పిల్ల నా మొహంలోకి సూటిగా చూసింది. స్టేజీ మీద నుంచి నా పేరు పిలుస్తుంటే అందరి ముందే మైకులో చెప్తానని మాటిచ్చి వెళ్లాను.

మా లెక్కల మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. ఆయన ప్రశ్న అడిగి మూడు లెక్కపెట్టేవాడు. ఈలోపు జవాబు చెప్పలేనివాడు నిలబడాలి. చివరికి ఎవడు చెబితే వాడు వచ్చి, నిలబడ్డ వాళ్లందరికీ ఎడం చేత్తో ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప వాయించాలి. ముక్కు పట్టుకునేది మొహం తిప్పుకోకుండా. మెల్లగా కొడితే, ఎలా కొట్టాలో మాస్టారు మన చెంప మీదే చూపించేవాడు. రెండుసార్లు అలా చూపించాక నాకు బాగా వచ్చింది. మొదట భయానికి కొట్టాను. తర్వాత ఇష్టపడి కొట్టాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. నాకంటే ఎత్తున్న వాళ్లు, నన్ను ఆటల్లో తోసేసేవాళ్లు, కళ్లు మూసుకుని నా ముందు నిలబడుతుంటే కడుపు నిండా అన్నం తిన్నట్టుండేది.

ఆ కోయ కుర్రవాడు రోజూ నిలబడేవాడు. లెక్క రాక కాదు. వాళ్లింట్లో మాట వేరు. ప్రశ్న తన మాటలోకి తెచ్చుకుని, జవాబు మళ్లీ తెలుగులోకి తెచ్చేసరికి మాస్టారు మూడు అనేసేవాడు. కాగితం మీద అయితే వాణ్ని మించినవాడు లేడు. ఆ సంగతి క్లాసులో ఒక్కడికే తెలుసు, నాకు. ఎందుకంటే పొద్దున్నే హాస్టల్‌కు వెళ్లి వాడి నోటు పుస్తకంలోంచి లెక్కలు ఎక్కించుకునేవాణ్ని. అడిగితే కాదనేవాడు కాదు, పైగా కూర్చోబెట్టి చెప్పేవాడు. నూటికి ఇంత అన్న లెక్కలు నా బుర్రకు ఎక్కేవి కావు. వాడు తునికాకుతో చెప్పాడు. కట్టకు యాభై ఆకులు. నూటికి పన్నెండు అంటే రెండు కట్టల్లో పన్నెండు ఆకులు చిరిగాయనుకో, కట్టకు ఆరు. మూడు వందల యాభై ఆకులంటే ఏడు కట్టలు. ఏడు ఆర్లు నలభై రెండు. అయిపోయింది లెక్క. ఎండాకాలం అమ్మానాన్నల పక్కన కూర్చుని ఆకు కట్టలు కట్టిన పిల్లాడి తెలివి అది. పొద్దున వాడి దగ్గర నేర్చుకున్నది మధ్యాహ్నం మాస్టారికి టకీమని చెప్పి, లేచి వెళ్లి వాడి ముక్కు పట్టుకునేవాణ్ని. వాడు ఒక్కనాడూ ఇది నా లెక్కే అనలేదు.

పరీక్షలు రెండు నెలలున్నాయనగా ఒకరోజు నా దెబ్బ చెంప మీద కాక చెవి మీద పడింది. వాడు చెవి పట్టుకుని కూర్చుండిపోయాడు. రెండు రోజులు జ్వరం అన్నారు, మూడో రోజుకు హాస్టల్లో లేడు. అడవిలో ఇప్పపువ్వు రాలే కాలం వస్తోంది, ఆ వాసన తగిలితే వీళ్లు ఆగుతారా అని అందరూ నవ్వారు. మాస్టారు కూడా అదే అన్నాడు. ఆ అబద్ధం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకొకసారి అంటే బాగుండుననిపించింది.

స్టేజీ మీద మాస్టారికి శాలువా కప్పారు, కాళ్లకు దండాలు పెట్టారు. ముసలివాడైపోయాడు, తల వణుకుతోంది. దెబ్బలు తిన్నవాళ్లే, మీ దెబ్బల వల్లే మనుషులమయ్యామని ఒకడి తర్వాత ఒకడు చెబుతుంటే నాకు కంపరం పుట్టింది. ఏం మనుషులయ్యారు? ఒకడు కలప దొంగరవాణా చేస్తాడని ఊరందరికీ తెలుసు. ఇంకొకడు ఇద్దరు తమ్ముళ్ల భూమి మింగి కూర్చున్నాడు. మిల్లు ఓనరు మైకు తీసుకుని నన్ను ఆకాశానికెత్తాడు. ఖమ్మంలో పిల్లలంతా మావాడి రెండు కట్టల పద్ధతే నేర్చుకుంటున్నారు, మావాడు కనిపెట్టిందే అన్నాడు. నా ట్యూషన్ కరపత్రం మీద ఆ మాట నేనే వేయించాను. వెనక వరసలో కూతురి పక్కన కూర్చున్న మనిషి కుడి చెవి స్టేజీ వైపు పెట్టి వింటున్నాడు. అతని మొహంలో ఏ మార్పూ లేదు.

మైకు నా చేతికిచ్చారు. నన్ను పిలవగానే ఆ పిల్ల సర్దుకుని నిటారుగా కూర్చుంది. "ఈ బడిలో నాకు లెక్కలు నేర్పిన మనిషి" అని మొదలుపెట్టాను. వీడియో లైటు కళ్లలో పడింది. ముందు వరసలో నా భార్య, ఆమె పక్కన నా దగ్గర ట్యూషన్ చదివే ఇద్దరు పిల్లల తండ్రి, ఖమ్మంలోనే ఉంటున్న మా క్లాసువాడు. "మన మాస్టారే" అని ముగించాను. చప్పట్లు కొట్టారు. మాస్టారు వణికే చేతులు ఎత్తి నన్ను దీవించాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మిల్లు ఓనరుకు హుషారొచ్చింది. ఆనాటి చెంపదెబ్బలు ఒకసారి గుర్తు చేసుకుందాం, వీడియోలో ఉండాలి అన్నాడు. రోజూ తిన్నవాడు ఎవడని వెతికి, వెనక వరసలోంచి అతన్ని చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించాడు. "ఇప్పపువ్వు కోసం పరీక్షలు ఎగ్గొట్టిన హీరో" అని పరిచయం చేశాడు. జనం ఈలలు వేశారు. అసలు ఎందుకు పోయావో చెప్పమని మైకు నోటి దగ్గర పెట్టాడు.

"చెవుల చీము పట్టింది," అన్నాడతను. "తగ్గేసరికి పరీక్షలు అయిపోయినయ్."

చెవిలో నాలుగు చుక్కలు ఇప్పసారా పోసుకుంటే తగ్గేదిగా అని మిల్లు ఓనరు అన్నాడు, అందరూ మళ్లీ నవ్వారు. నన్ను ముందుకు తోశారు. ఊరికే చెయ్యి ఆనించి వచ్చేద్దామనుకున్నాను. కుర్చీలోంచి మాస్టారు, అంతసేపూ నిద్రపోతున్నట్టున్న మనిషి, తల ఎత్తి, అలా కాదు, ముక్కు పట్టుకో, లేకపోతే మొహం తిప్పేస్తాడు అన్నాడు. నేను ముక్కు పట్టుకున్నాను. పట్టుకోకుండా ఉండొచ్చు. మైకు విసిరికొట్టి దిగిపోవచ్చు. నాకు ముప్పై ఆరేళ్లు, ఎవరికీ భయపడాల్సిన పని లేదు. అయినా ఎడం చెయ్యి దానంతటదే లేచింది, కుడి చెయ్యి చెంప మీద ఆనింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆటకు మూసుకున్నట్టు లేదు, ఆనాడు మూసుకున్నట్టే ఉంది. చప్పట్ల మధ్య వెనక వరసకు చూస్తే ఆ పిల్ల తల వంచుకుని కూర్చుని ఉంది.

భోజనాలకు చాపలు పరిచి విస్తర్లు వేశారు. మేకను కోశారు. అతను కూతురితో ఒక మూల కూర్చున్నాడు. వెళ్లిపోతాడనుకున్నాను, వెళ్లలేదు. నేను చెప్తానన్న మాట ఇంకా బాకీ ఉందని అనుకుంటున్నాడేమో. అతని కుడి పక్కన పిల్ల, ఆ పిల్ల పక్కన ఖాళీ ఉంది. ఎడం పక్కనా ఖాళీ ఉంది. నేను వెళ్లి ఎడం పక్కన కూర్చున్నాను.

తెలియక కూర్చోలేదు. పొద్దున అతనే చెప్పాడు, ఏ చెవో నాకు బాగా గుర్తుంది. మైకులో పాటలు మోగుతున్నాయి. విస్తరి మీదికి వంగి, అన్నం కలుపుతూ, గొంతు పెంచకుండా అన్నీ చెప్పాను. నీ నోటు పుస్తకంలోంచే రాసుకున్నానన్నాను. ఆ లెక్క నీదే అన్నాను. నీ చెవి పోయింది నా వల్లే, ఇప్పపువ్వు మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు అన్నాను. ఒక్కటీ దాచుకోలేదు. చెబుతుంటే గుండె తేలికవుతోంది. ఎవరూ వినకుండా నిజం చెప్పడంలో ఎంత సుఖముందో ఆ రోజు తెలిసింది. ఊరందరినీ చూసి పొద్దుటి నుంచీ అసహ్యించుకున్న పెద్దమనిషి బతుకు అది. ఆ స్టేజీ మీద ఉన్న ఒక్కడు కూడా నా అంత నీచానికి దిగలేదు.

నా పెదవులు కదలడం కనబడిందో ఏమో, అతను చెయ్యి ఆపి మొహం పూర్తిగా నా వైపు తిప్పాడు. "ఏమన్నవ్ సారూ? ఈ పక్క నాకు ఇనపడదు."

అతని భుజం మీది నుంచి ఆ పిల్ల కూడా నన్నే చూస్తోంది.

"కూర బాగుందంటున్నా" అన్నాను.

"అవ్, మంచిగుంది" అన్నాడు. కొంచెంసేపు నా మొహంలోకి చూసి, తర్వాత కూతురి వైపు తిరిగాడు. నాకు అర్థం కావాలనే కాబోలు, వాళ్ల మాటలో కాకుండా తెలుగులోనే చెప్పాడు.

"సారుకు యాదికి లేదు బిడ్డా. శానా ఏండ్లాయె కదా."

ఆ పిల్ల సరేనని తలూపి, తినడం మొదలుపెట్టింది.