తుడుపు గుడ్డ

వీధంతా అత్తయ్య అని పిలిచే ఆవిడ తన పాత ల్యాప్‌టాప్‌ను రోజూ పసిబిడ్డ ఒళ్లు తుడిచినంత మెత్తగా తుడుస్తుంది. పురిటి గది నుంచి అల్లుడు వీడియో కాల్‌లో మనవరాలిని చూపిస్తానన్న ఉదయమే దాంట్లో నెట్ పోయింది. భర్త రౌటర్ ఆపి మళ్లీ వేశాడు, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు, చివరికి చేతులెత్తేశాడు. ఏం తోచక ఆవిడ మళ్లీ గుడ్డ అందుకుంది. అంచు వెంట చెయ్యి పోతుంటే వైఫై మీట టక్కున జరిగి నీలం దీపం వెలిగింది.

"పొద్దున తుడుస్తూ ఆపేసింది నువ్వేనన్నమాట!" భర్త నోరెళ్లబెట్టాడు.

ఆవిడకు వినబడలేదు. తెరనిండా పాప. ఆవిడ పాప గడ్డం మీది నల్ల మరకను గుడ్డతో తుడిచింది. పోలేదు. మళ్లీ తుడిచింది.

"పుట్టుమచ్చ అత్తయ్యా, పోదు," అల్లుడు నవ్వాడు.

గుడ్డ జారిపోయింది. ఆవిడ వేలు మెల్లగా తన గడ్డం మీది మచ్చను వెతుక్కుంది.

"ఏమండీ... నాదే!"