సైకిలెక్కిన కోతులు

నా చిన్నప్పుడు షామీర్‌పేట చుట్టుపక్కల నేను చూడని వింత లేదు. చెరువులో దున్నపోతంత చేపను చూశాను. కీసర గుట్ట మీద చిరుతపులితో కలిసి సీతాఫలాలు తిన్నాను. ఇవేవీ జరగలేదనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అక్కడ లేరు కదా! ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది.

మా పక్కింటి అక్క పెళ్ళి. మా రెండిళ్ళ మధ్య గోడ ఉండేది గానీ దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. అక్క వాళ్ళ నాయిన నాకు పెద్దబాపు. మావైపు పెళ్ళికూతురి వెంట అత్తగారింటికి గంపల నిండా సకినాలు పోతాయి. అక్కడ వాడకట్టంతా పంచుతారు. గంప వెలితిగా వచ్చిందంటే కోడలే వెలితిగా వచ్చినట్టు. పైగా మేడ్చల్‌లో అక్కకు కాబోయే అత్త నవ్వగా చూసినవాళ్ళు లేరని మా ఊళ్ళో చెప్పుకునేవారు. ఇది నేను పుట్టించింది కాదు.

పెళ్ళికి ముందురోజు ఆడవాళ్ళంతా చేరి, వాకిట్లో తెల్లబట్టలు పరిచి, బియ్యప్పిండి సకినాలు చుట్టి ఆరబెట్టారు. కాసేపటికి నూనెలో వేయాలి. వాళ్ళు లోపల చాయ్ తాగుతుండగా, నేను కర్రతో దొర్లిస్తున్న పాత సైకిల్ టైరు నా మాట వినకుండా నేరుగా సకినాల మీదికి పోయింది. దాన్ని పట్టుకోవడానికి నేనూ పోయాను.

అక్క బయటికి వచ్చి చూసి కూలబడింది. మళ్ళీ బియ్యం నానబెట్టి దంచే వ్యవధి లేదు. "మొదటి దినమే అత్త ముందట తల దించుకోవాల్నా?" అని ఏడుస్తుంటే నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది.

"కోతులొచ్చినయక్కా! గుట్ట మీదికెల్లి!"

ఏడుపు విని వచ్చిన పెద్దబాపు వంగి పిండిని పరీక్షగా చూశాడు. "మరి గీ టైరు గుర్తేందిరా?"

"ఒకటి సైకిల్ మీదొచ్చింది, పెద్దబాపూ. ఎనక ఇంకోటి కూసున్నది."

"బెల్లు కొట్టలేదా?"

"కొట్టింది. బ్రేకులే లేవు."

ఏడుస్తున్న అక్క ముక్కు చీదుతూ ఫక్కున నవ్వింది. పెద్దబాపు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. వీపు విమానం మోత మోగుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. మోగలేదు. "అయితే సాక్షివి నువ్వే. గంపల ఎంబడి నువ్వు గూడ వచ్చి వియ్యపురాలికి చెప్పాలె" అన్నాడు.

పెళ్ళయ్యాక ట్రాక్టర్‌లో గంపలతోపాటు నన్నూ ఎక్కించారు. అత్తగారు మూడు గంపల మీద గుడ్డ తీసి తలూపింది. నాలుగోది సగమే ఉంది. "గిదేంది?" అంది. అక్క తల నేలకు దిగిపోయింది. పెద్దబాపు నన్ను ముందుకు నెట్టాడు.

మేడ్చల్ చేరేసరికి కోతులు రెండు నుంచి ఏడయ్యాయి. ఒకటి రుమాలు చుట్టుకుంది. ఇంకొకటి హ్యాండిల్ మీద కూర్చుని దారి చూపింది. నేను చెప్పుకుపోతుంటే అత్తగారి భుజాలు కదలడం మొదలైంది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓ వదినా, జల్దీ రా! గీ పోరని ముచ్చట ఇను!" అని పక్కింటామెను కేకేసింది. ఇల్లంతా నవ్వులు. ఆ సందట్లో ఎవరో అక్కను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. అక్క తలెత్తింది. అంత గట్టి మనిషిని బోల్తా కొట్టించానని నేను ట్రాక్టర్‌లో రాజులా తిరిగొచ్చాను.

తర్వాత ఊళ్ళో పొలాలు ప్లాట్లయ్యాయి. మేము పట్నంలో సుచిత్ర వైపు వచ్చేశాం. అక్క వాళ్ళింటివాళ్ళు తలో దిక్కు పోయారు. నలభై ఏళ్ళకు, మొన్న అక్క మనవరాలి పెళ్ళికి పిలుపొచ్చింది. ఫంక్షన్ హాల్లో ఆమెను చూడగానే, నలుగురిలో నా గుట్టు బయటపడుతుందేమోనని బిర్యానీ వరుసలో ఓ లావుపాటాయన వెనక దాక్కున్నాను. వెనకనుంచి కాలర్ పట్టుకుంది.

"ఏంరా, అక్కను సూసి తప్పించుకుంటున్నవా?"

ఇక లాభం లేదనుకుని, "అక్కా, ఆ దినం కోతులు రాలే. నా టైరే" అని ఒప్పేసుకున్నాను.

ఆమె పగలబడి నవ్వి, నా చేయి పట్టుకుంది. "పిచ్చోడా, అది ఎవ్వలకు తెల్వదురా? పెండ్లి పందిట్లనే బాపు మా అత్తను పక్కకు పిల్సి అసలు ముచ్చట చెప్పిండు. 'పిల్లగాడు కోతులొచ్చినయంటడు, జర ఇనుండ్రి. నిన్న ఏడ్సే నా బిడ్డను నవ్విచ్చిండు' అన్నడట. మా అత్త సచ్చిపోయేముందు నాతోని చెప్పింది."

అంటే ఆ రోజు అక్కడ మోసపోయింది నేనొక్కణ్ణే. నలభై ఏళ్ళు నా తెలివికి నేనే మురిసిపోయాను. పెద్దబాపు నా అబద్ధాన్ని నమ్మలేదు, దండించలేదు. దానికో పని అప్పగించాడు, అంతే.

కోతలు కోయడం నేను మానలేదు, మానను కూడా. కాకపోతే ఏ పెళ్ళికెళ్ళినా, ఏ ఇంటికెళ్ళినా, కొత్తగా వచ్చి ఎటు చూడాలో తెలియక ఓ మూల కూర్చున్నవాళ్ళెవరా అని ముందు చూస్తాను. వాళ్ళ పక్కనే కుర్చీ వేసుకుని మొదలుపెడతాను.