ఆవిడకీ భయమేసేది

పోయిన మంగళవారం పొద్దున్నే మేడమ్ గారి చెల్లెలు ఫోన్ చేసి, "అక్క పోయిందమ్మా" అంది. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు. ఆవిడ దగ్గరికొచ్చే వాళ్లందరినీ ఇక నేనే చూడాలి కదా అనిపించింది. పాపిష్టిదాన్ని, మొదట వచ్చిన ఆలోచన అదే.

విజయనగరంలో ఒక చిన్న ఆసుపత్రి మేడమీద మా కౌన్సెలింగ్ గది. ముప్పై ఏళ్లకు పైగా ఆవిడ అక్కడ కూర్చుని మనుషుల బాధలు విన్నారు. చివరి ఆరేళ్లు పక్కన నేనున్నాను. రోజంతా ఏడుపులు విన్న మనిషి సాయంత్రం మెట్లు దిగుతూ, నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లలా కబుర్లు చెప్పేవారు. నీరసంతో తూలిపోతున్న నాకు ఒళ్లు మండేది.

వచ్చినవాళ్లను ముందుగా బాధేమిటని అడిగేవారు కాదు. "నువ్వు సేసే పనేటి? నాకూ కాస్త నేర్పు" అనేవారు. నెల్లిమర్ల నుంచి వచ్చిన జూట్ మిల్లు కార్మికుడొకడు తెగిన పోగు ముడివేయడం నేర్పబోయాడు. ఆవిడకు చేతకాదు. "మళ్లీ సూపించు బాబూ" అని మూడు వారాలు అతన్ని సతాయించారు. నాలుగో వారం, ముడి వేస్తూ వేస్తూనే, అతను చనిపోయిన తమ్ముడి గురించి నోరు విప్పాడు.

ఒకసారి గరివిడి నుంచి కొత్తగా ఒకామె రావాల్సి ఉంది. ఫైలు తిరగేసి, "ఇలాంటివి పది చూశాం మేడమ్, తెలిసిన కేసే" అన్నాను. ఫైలు నా చేతిలోంచి లాగేసుకున్నారు.

"పదిమందిని సూసీసినావా? ఈమెని సూసినావేటి? తెలిసిపోయిందనుకున్నావంటే విసుగు అక్కడే మొదలవుతాది."

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ ముఖం మాడ్చుకునే ఉన్నాను.

పోయినేడు రాజీనామా రాసుకుని వెళ్లాను. కౌన్సెలింగ్‌కి వస్తానన్న కుర్రాడొకడు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. బతికున్నాడో లేడోనని రెండు రోజులు అన్నం సహించలేదు. తీరా చూస్తే అమ్మమ్మగారింట్లో ఉన్నాడు. "నా గుండె చాలదు మేడమ్, నన్ను వదిలేయండి" అన్నాను. ఆవిడ తన అరచెయ్యి తీసి నా మెడమీద పెట్టారు. ఉలిక్కిపడ్డాను, అంత చల్లగా ఉంది.

"తలుపు తీసే ముందు రోజూ ఇంతే. ఎవురొస్తారో, నా నోట ఏ తప్పు మాటొస్తాదో అని గాబరా. ఇది పోయిన్నాడు నేను ఇంటికెళ్లిపోతాను. నువ్వేటి, గాబరా ఉన్నప్పుడే ఎళ్లిపోతానంటన్నావు?"

నిన్న సోమవారం ఆ తలుపు నేను తీశాను. మొదట వచ్చింది కూరలమ్మే పెద్దావిడ. కొడుకు పోయాక రెండుసార్లు చావబోయి బతికిన మనిషి. మేడమ్ సంగతి ఆమెకు తెలియదు.

"పెద్ద మేడమ్ ఏరమ్మా?"

చెప్పాను. ఆమె ఖాళీ బుట్ట ఒళ్లోకి లాక్కుంది. దేవుడా, ఈమె ఇక్కణ్నుంచి లేచి ఎటు వెళుతుందో అని నా నోరు పిడచకట్టుకుపోయింది.

"నీకు భయమేస్తన్నాదేటి?" అంది.

"అవునమ్మా. మీ గురించే."

నన్ను తేరిపార చూసింది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. వెళుతూ మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మళ్లీ సోమవారం నానొస్తాను. నువ్వుంటావు కదా?"

"ఉంటానమ్మా."

ఒక చేత్తో ఖాళీ బుట్ట, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ ఆమె కిందికి దిగింది.