నాలుగు మడతల గుడ్డ

నా చిన్నప్పుడు మేం సోలాపూర్ భవాని పేట్‌లో ఒక వాడాలో ఉండేవాళ్లం. స్వరాజ్యం వచ్చి ఇంకా పదేళ్లు కాలేదు. చుట్టూ గదులు, ప్రతి గదిలో ఒక గుంట మగ్గం, నడుమ బావి, బావి వెనక గోడకవతల అందరికీ కలిపి ఒక్కటే సండాస్, అంటే మరుగుదొడ్డి. వాడా, మగ్గాలు మాలక్‌వి, నేత మాది. యజమానిని మాలక్ అనేవాళ్లం. మాలక్ పరాయివాడేం కాదు, మా తాతలు వదిలి వచ్చిన తెలుగు ఊళ్ల వైపు నుంచి వచ్చినవాడే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాడు చేస్తే వచ్చే కోపం ఒకటి, మనవాడు చేస్తే వచ్చే కోపం ఇంకొకటి. నాది రెండో రకం. ఇన్నేళ్లయినా చల్లారలేదు.

ఆ ఏడు వానలకు పక్కనున్న మురుగు నాలా పొంగి వాడాలోకి వచ్చింది. మగ్గం గుంటలు నిండాయి, పడుగులు బురదపాలయ్యాయి. సండాస్ గుంత కూడా పొంగి అందులోదంతా వాకిట్లో తేలింది. ఆ నీళ్లే బావిలోకి దిగాయి. వరద తీశాక మగవాళ్లు ముందు చేసిన పని మగ్గం గుంటలు తోడుకోవడం. మగ్గం ఆడకపోతే పొయ్యి వెలగదు, నిజమే. కానీ బావి కూడా తోడాలనీ, పగిలిన సండాస్ గుంత బాగుచేయాలనీ ఆడవాళ్లు ఎంత మొత్తుకున్నా విన్న పాపాన పోలేదు ఎవరూ.

మాలక్ వచ్చి బావికి పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు రోజులకు బురద అడుక్కి దిగింది, నీళ్లు తేరుకున్నాయి. మాలక్ మళ్లీ వచ్చి చేద పైకి లాగించి చూసి, "ఇంకేం భయమున్నది? మీ నేతగుడ్డ మీకున్నది గద. నాలుగు మడతలేసి వడగట్టుకొని తాగుండ్రి" అన్నాడు. ఆయనింట్లో మునిసిపాలిటీ నీళ్లొచ్చే నల్లా ఉంది. బావి బాగయ్యేదాకా ఆ నల్లా నీళ్లు పట్టుకోనిమ్మని ఆడవాళ్లు బతిమాలితే, ఇల్లంతా తొక్కుతారని తలుపేసుకున్నాడు.

మా నాన్న మాత్రం మాలక్ మాటకు పొంగిపోయాడు. ఆయన నేతకు పేట్‌లో పేరుంది. "నా గుడ్డల నుంచి చీమ తలకాయ గూడ దూరది" అంటూ తను నేసిన ధోవతి ముక్క చింపి అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని నాలుగు మడతలు వేసి కుండ మూతికి కట్టింది. వాడాలో అందరూ అదే చేశారు. నేతగాళ్లం కదా, గుడ్డను నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మం.

ముందు పక్కింటి అక్క బిడ్డ పోయింది. ఇంకా సరిగా నడక రాని పిల్ల. వాంతులు, విరేచనాలు మొదలైన మర్నాటికే లేదు. దిష్టి తగిలిందన్నారు. ఆ తర్వాత మా తమ్ముడు పడ్డాడు. కళ్లు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక చాప మీద పడున్నాడు. నోరెండుతోందని అమ్మ చెంచాతో ఆ బావి నీళ్లే పోస్తోంది, వడగట్టి మరీ.

మా మేనత్త నూలుకు రంగులద్దే పనికి పోయేది. మొగుడు పోయాక మాతోనే ఉండేది. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి, ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. తమ్ముణ్ణి చూసి ఆమె ఏడవలేదు. అమ్మ చేతిలోంచి చెంచా లాక్కుని నీళ్లు పారబోసింది. అశోక్ చౌక్ వైపు తెలిసినవాళ్ల ఇంటికి నడిచిపోయి ఒక బిందెడు నల్లా నీళ్లు మోసుకొచ్చి, మరగకాచి చల్లార్చి, వీడికి ఇవి తప్ప చుక్క పోయొద్దంది. మర్నాడు పనికి పోయి చిక్కటి ఎర్ర రంగు తెచ్చి, అందరూ చూస్తుండగా సండాస్ గుంతలో గుమ్మరించింది. దీనికి పిచ్చి పట్టిందన్నారు. నాన్న నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె పట్టించుకోలేదు.

ఆ మరుసటి పొద్దున బావిలోంచి చేద పైకి వచ్చింది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

అత్త ఆ నీళ్లు బిందెకెత్తింది. ఒక తెల్ల పింగాణీ గిన్నె, నాన్న నేసిన ఆ ధోవతి ముక్క పట్టుకుని పోయి మాలక్ గడప ముందు కూర్చుంది. ఆమె వెనక ఆడవాళ్లంతా నడిచారు, పక్కింటి అక్క అందరికంటే ముందు. నాన్న కూడా వచ్చాడు, చెల్లెల్ని ఆపడానికే అనుకుంటా. అత్త గుడ్డను నాలుగు మడతలు వేసి గిన్నె మీద పరిచి నీళ్లు పోసింది. గిన్నెలోకి ఎరుపే దిగింది.

"బావిల రంగు ఎవరు కలిపిన్రు?" అని మాలక్ అరిచాడు.

"బావిల నేనేం కలపలే. సండాస్‌ల పోసిన. అండ్లకెల్లి బావిలకొచ్చింది. నాలుగు మడతలేసే వడగట్టిన మాలక్, తాగు" అంది అత్త.

మాలక్ గిన్నె ముట్టలేదు. నాన్న వంగి ఆ తడిగుడ్డను చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆయన మాలక్‌కు ఎదురు చెప్పడం నేను చూసింది అప్పుడే. "బావి బాగయ్యేదాంక మగ్గం ఎక్కం" అన్నాడు. మిగతా మగవాళ్లు కూడా అప్పుడు నోరు విప్పారు.

మాలక్ తలుపు తీశాడు. ఆయన నల్లా దగ్గర బిందెలు వరుసకట్టాయి. పాత గుంత ఎత్తిపోసి పూడ్చారు, కొత్త సండాస్ బావికి దూరంగా, వాడా ఆ చివర తవ్వారు. బావి అడుగు దాకా తోడి, గోడలు గీకి, మందు పొడి చల్లించారు. తమ్ముడు మెల్లగా లేచి కూర్చున్నాడు.

కానీ ఆ రోజు పక్కింటి అక్క గిన్నె వైపే చూస్తూ గడప దగ్గర ఉండిపోయింది. పిల్ల పోతే దిష్టి అన్న నోళ్లు నీళ్లకు రంగొచ్చాక మూతపడ్డాయి. మాకు సాక్ష్యంగా ఒక పసిపిల్ల చాలలేదు, రంగు కావలసి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట సగం మాలక్ మీద, సగం మా మీద.

ఇప్పుడు సోలాపూర్ పక్కనే కుంభారిలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఎక్కడికి పోయినా, ఎవరు నీళ్లిచ్చినా, ముందు సండాస్ ఎక్కడుందని అడుగుతాను. మనవలు నవ్వుతారు. "నీళ్లు చూడవ్వా, ఎంత తేటగున్నయో" అంటారు. చూస్తాను. ఆ పిల్ల తాగిన నీళ్లు కూడా తేటగానే ఉన్నాయి.