చోటు మార్చి మార్చి కూలిన సర్వరు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో నన్ను తాండూరు కంప్యూటర్ శిక్షణ సెంటరు నుంచి వికారాబాదు సెంటరుకు బదిలీ చేశారు. హోదా సిస్టం టెక్నీషియన్. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. అటెండరుగా చేరి, కంప్యూటర్ల దుమ్ము తుడుస్తూ తుడుస్తూ లోపలికి కూడా చేయి పెట్టడం నేర్చుకున్నాను. బదిలీ ఉత్తర్వుతో పాటు ఒక సర్వరు కూడా నా వెంట వచ్చింది. పెద్దగా ఊహించుకోకండి, పాత డెస్క్‌టాప్‌కే ఆ పదవి ఇచ్చాం. ప్యాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

వికారాబాదులో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నేర్పే ల్యాబు షాహీన్ మేడం చూసేవారు. తాండూరు నుంచి రోజూ రైల్లో వచ్చే కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టరు. ల్యాబు ఉంటేనే ఆమె పోస్టు ఉంటుంది. సోమవారం తనిఖీ కమిటీ వస్తుందని, సర్వరు మీద డేటాబేసు నడవకపోతే ల్యాబు ఎత్తేస్తారని ప్రిన్సిపాల్ కబురు చేశారు.

అది కోడు అందరికీ తెరిచిపెట్టిన ఓపెన్ సోర్సు డేటాబేసు. తయారుగా ఉన్నది ఎక్కించుకోవచ్చు, కానీ మనుషులు రాసిన సోర్సు కోడు నుంచి కట్టడమే మా సిలబస్‌లో పాఠం. మేక్ అనే ఆదేశం ఇస్తే కంపైలరు వందల ఫైళ్లను యంత్రభాషలోకి మార్చి, చివర అన్నిటినీ కలుపుతుంది. తొందర కోసం నాలుగేసి ఫైళ్లు ఒకేసారి చేయమన్నాం. సగంలో ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని పడిపోయింది. ప్రోగ్రాము తనది కాని మెమరీలో కాలు పెడితే, ఆపరేటింగ్ సిస్టానికి గుండెకాయలాంటి కెర్నెలు మెడపట్టి గెంటింది అని దానర్థం.

మేక్‌కు ఒక మంచి గుణం ఉంది. మళ్లీ ఇస్తే అయిపోయిన ఫైళ్ల జోలికి పోకుండా మిగిలిన పని అందుకుంటుంది. మళ్లీ ఇచ్చాను, ఇంకోచోట పడింది. బురదలో దిగబడ్డ ఆటోను నెట్టినట్టు పదకొండుసార్లు నెడితే ఒడ్డెక్కింది.

“అయిపాయె మేడం! ఇగ కమిటోళ్లకు చూపిచ్చుడే. చాయ్ చెప్పుండ్రి,” అన్నాను.

“జర ఆగు అంజన్నా. పదిసార్లు పడ్డోడు ఒక్కసారి నిలవడ్డడని కాలు మంచిగైనట్టేనా?”

ఆమె ‘మేక్ చెక్’ ఇచ్చింది. కట్టిన సాఫ్ట్‌వేరు తనను తాను పరీక్షించుకునే ఆదేశం అది. మొదటిసారి రెండు పరీక్షలు తప్పాయి. రెండోసారి అవి పాసై, వేరేవి మూడు తప్పాయి.

కమిటీవాళ్లు సమోసాలు తిని, సంతకాలు పెట్టి పోతారని నచ్చజెప్పాను.

“గిది ఖరాబు ఫైళ్లతోని కట్టింది. ఇయ్యాల నడుస్తది, రేపు పిల్లల లెక్కలు తప్పిస్తది. పోస్టు పోతె పోనియ్, నేనైతే గిట్లాంటిది చూపియ్య,” అని, కట్టిందంతా తుడిచేసింది. అప్పటికి శుక్రవారం మధ్యాహ్నం. నేను తల పట్టుకున్నాను.

తర్వాత ఆమె పని చూడాలి. మొదటి నుంచి మూడుసార్లు మేక్ ఇచ్చి, ఆగిన ప్రతి ఫైలు పేరూ రాసుకుంది. మూడూ మూడు చోట్లు.

“కోడుల తప్పుంటే ఒక్కతాన్నే పడాలె. చోటు మారుస్తున్నదంటే లోపల సామాను మీదనే నా అనుమానం. గీ డబ్బాల నువ్వేమన్న మార్చినవా?”

“నేనా? ఏం లేదు మేడం,” అన్నాను. ఆమె స్క్రూడ్రైవరు అందుకుంది. చెప్పక తప్పలేదు.

తాండూరులో మా సెంటరు పక్కనే బండలు పాలిష్ చేసే మిషన్లు. ఆ పొడి కంప్యూటర్లలో పేరుకుంటుంది. ఏది మొరాయించినా ర్యామ్ అనే మెమరీ పలకను ఊడదీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చడమే మా వైద్యం. మెరిసిందంటే బాగైనట్టే లెక్క. బయలుదేరే ముందు స్క్రాపులో దొరికిన ఒక ర్యామ్‌ను అలాగే మెరిపించి, కొత్త ల్యాబుకు కానుకగా ఈ సర్వరులో పెట్టాను. రిజిస్టరులో మాత్రం రాయలేదు.

తిడుతుందనుకున్నాను. “మంచిగ రుద్దినవ్ అంజన్నా, అద్దం లెక్కున్నది. లోపటి చిప్పును గూడ రుద్దొస్తదా?” అంది.

శనివారం పొద్దున ఒక్కో ర్యామ్‌నే ఉంచి మెమరీ పరీక్ష నడిపాం. పాతది నిక్షేపంగా ఉంది. నా కానుక మీద తెరంతా తప్పులు చూపే ఎర్రగీతలే. దాన్ని తీసేసి మొదటి నుంచి రెండుసార్లు మేక్ ఇస్తే రెండుసార్లూ మళ్లీ పడింది!

“చూసిండ్రా, నా ర్యామ్‌ది ఏం తప్పు లేదు!” అని ఎగిరాను.

“ఎగురకు, సదువు. ఇప్పుడు కిల్డ్ అంటున్నది. రెండుసార్లూ ఒక్క ఫైలే.”

కెర్నెలు రాసుకునే లాగ్ తెరిచి చూపించింది. మెమరీ సగానికి పడిపోవడంతో, ఎక్కువ తింటున్న కంపైలరును కెర్నెలే చంపింది. ఇది వేరే రోగం. డిస్కులో కొంత చోటును స్వాప్‌గా, అంటే మెమరీకి ఆసరాగా కేటాయించి, ఒకసారికి ఒక్క ఫైలే చేయమంది. నత్తనడకన సాగి, ఆమె రైలు వేళకు పూర్తయింది. మేక్ చెక్ రెండుసార్లు ఇచ్చాం. ఒక్క పరీక్షా తప్పలేదు.

సోమవారం కమిటీ చైర్మన్ సమోసా ముట్టలేదు. నేరుగా కుర్చీలో కూర్చుని, తానే మేక్ చెక్ టైపు చేశారు. నేను గోడకు ఆనుకున్నాను. అన్నీ పాసయ్యాయి. ల్యాబు నిలిచింది, మేడం కాంట్రాక్టు మరో ఏడాది పొడిగించారు.

ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది ఇది. కూలిన చోటు మారుతూ ఉంటే ముందు హార్డ్‌వేరును పరీక్షించాలి. ఒకేచోట కూలితే కోడులో తప్పో, మెమరీ చాలకపోవడమో చూడాలి. మళ్లీ మళ్లీ నడిపితే ముగిసిన పనిని బాగైన పనిగా లెక్కేయకూడదు. యంత్రాన్ని విప్పే ముందు, అంతకుముందు విప్పినవాణ్ని అడగాలి. ఆ విప్పినవాడు మనమే అయితే, అడిగేదాకా ఆగకుండా చెప్పాలి.