సేటు ఐస్ ఆపిన పొద్దు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. శామీర్‌పేట అవతల మా ఊరి చెరువులో నీళ్లు తగ్గి, చేపలు పట్టే అదను వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి చేపలు అమ్మడం, కోసి శుభ్రం చేసి ఇవ్వడం నా పని. మనవలు పుట్టినా కత్తిపీట వదల్లేదు. ఈ పనిలో ఎన్నో చూశాను గాని, ఆ ఒక్క పొద్దు మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఈ బేరం తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎండాకాలంలో ఐస్ లేకపోతే పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి వాసన కొడుతుంది. మా దగ్గర ఆ ఐస్ హోల్‌సేల్ సేటు చేతిలో ఉండేది. తెల్లవారకముందే అతని వ్యాన్ చెరువు కట్ట మీదికి వచ్చేది. మగవాళ్లు ఒక్కసారే పెద్ద వల చుట్టి ఒడ్డుకు గుంజితే, రవ్వలు, బొచ్చెలు వంటి పెద్దచేపలన్నీ అతని డబ్బాల్లోకే. ధర అతను చెప్పిందే. ఎన్ని కావాలని మేము ఏనాడూ అడగలేదు, ఎన్ని పడితే అన్నీ అతనివే. అతను వద్దన్న చిన్నచేపలు, విదిలించిన ఐస్ ముక్కలు ఆడవాళ్లకు.

ఆ ఏడు మేము ఆడవాళ్లం ఇక కుదరదన్నాం. తూంకుంట చుట్టూ కొత్త ఇళ్లు లేచాయి. అక్కడివాళ్లు బండ్లు ఆపి మరీ చెరువు చేప ఉందా అని అడుగుతున్నారు. పట్టిన చేపల్లో సగం మాకిస్తే రోడ్డు పక్కన మేమే అమ్ముకుంటామని చేపలు పట్టేవాళ్ల సొసైటీ పెద్దను అడిగాను. ఆ పెద్ద మా మరిది బాలయ్యే. ఒప్పుకున్నాడు గాని మెలిక పెట్టాడు.

"ఒక్కపారి చూస్తం వదినె. చేపలు ఖరాబైనయనుకో, ఇగ ఎన్నటికీ సేటుకే. మల్ల నా దగ్గరికి రావద్దు."

మాతో షాహీన్ కూడా కలిసింది. మా ఊరి పిల్లే. మొగుడు కాలు విరిగి మంచాన పడితే, అతని ఆటో తనే నడుపుతోంది. మన చెరువు చేప మనోళ్లే అమ్మాలె, తురకోళ్ల పిల్లకెందుకు అని కొందరు నసిగారు. "ఆమె ముట్టుకుంటే చేప చేదైతదా? పని చేస్తే ఉంటది, చెయ్యకుంటే నేనే ఎల్లగొడ్త," అని వాళ్ల నోళ్లు మూయించాను. నేనన్న మాటకు నిలబడతానని అందరికీ తెలుసు.

సేటుతో పని లేకుండా మేడ్చల్ వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీతో మాట్లాడుకున్నాం. తెల్లారి వల చుట్టారు. చేపలు మోకాటి లోతు నీళ్లలోకి వచ్చి గిలగిల కొట్టుకుంటున్నాయి. అప్పుడు మోగింది షాహీన్ ఫోన్. విని ఆమె మొహం తెల్లబోయింది.

"అవ్వా, ఐస్ బండి రాదంట. సేటు వద్దన్నడంట. ఆయన పెద్ద గిరాకీ కదా, మేం కాదనలేమంటున్నరు."

ఆ మాట పూర్తి కాకముందే సేటు వ్యాన్ కట్టెక్కింది. దిగి, డబ్బా మూత తీసి, ఐస్ మీద చెయ్యి ఆడిస్తూ నవ్వాడు.

"ఏమవ్వా, పరేషాన్‌ల ఉన్నట్టున్నవ్? ఐస్ నా దగ్గర మస్తున్నది. సగం గిగం లేదు, మొత్తం చేపలు నాకు పొయ్యిండ్రి, గంతే."

"నీ ఐస్ నీ నెత్తి మీద పెట్టుకో, సల్లగుంటది," అన్నాను. అన్నానే గాని దారి తోచలేదు. సిటీలో సుచిత్ర చౌరస్తా దాకా పోయి ఐస్ తెచ్చేసరికి పొద్దు నెత్తికెక్కుతుంది. వలలో చేపలు ఒకదాని మీద ఒకటి ఎగబడుతున్నాయి. ఇంకాసేపుంటే అక్కడే చస్తాయి.

"వదినె, జల్దీ చెప్పు. గుంజమంటవా, ఆపమంటవా?" నీళ్లలోంచి బాలయ్య అరిచాడు.

షాహీన్ నా కొంగు పట్టుకుంది. "అవ్వా, అన్ని ఇప్పుడే ఎందుకు తియ్యాలె? కొనేటోళ్లు ఇంక నిద్రల్నే ఉన్నరు గద."

"చెరువు సంగతి నీకేం ఎరుక? నోర్మూసుకో!" అని కసిరాను. కసిరాక ఆ మాట లోపల గుచ్చుకుంది. నిజమే, అన్నీ ఒక్కసారే తీయడం ఎవరి కోసం? సేటు వ్యాన్ ఒక్క ట్రిప్పులో నిండడానికి. ఆ అలవాటునే చేపలు పట్టే పద్ధతి అనుకున్నాం. చేపపిల్లలు తెచ్చినప్పుడు మేమే హాపా కడతాం. హాపా అంటే గుంజలకు కట్టి నీళ్లలో దించే వల సంచి. పిల్లలను అందులో సాకినవాళ్లం, పెద్దచేపను వలలోనే ఆపుకోవచ్చని మాకు తట్టనే లేదు.

"బాలయ్యా! గుంజకు! వలను లోతుకు జరుపు. సుట్టు గుంజలు పాతి కట్టు. చిన్నయి ఇడిచిపెట్టు!"

"ఎండకు ఆగుతయా వదినె?"

"నీళ్లల్ల ఆగక నీ నడింట్ల ఆగుతయా? కట్టు!"

సేటు నవ్వుతూనే ఉన్నాడు. "మాపటికి నువ్వే పిలుస్తవవ్వా," అని కట్ట మీదే చెట్టు నీడన కూర్చున్నాడు.

షాహీన్ ఆటోలో డ్రమ్ము పెట్టి, చెరువు నీళ్లు పోసి, చేపలు వేసుకుని తూంకుంటకు బయలుదేరింది. నేను కత్తిపీటతో పక్కన. ఆశకొద్దీ మొదటి డ్రమ్ములో ఎక్కువ వేసింది. దారిలోనే కొన్ని వెల్లకిలా తేలాయి. వాటిని చూసి ఆమె కళ్లు తుడుచుకుంటూ ఆటో ఆపబోయింది. "ఏడ్వకు, నడుపు," అని, దిగీ దిగగానే వాటిని కోసి ఉప్పూ పసుపూ పట్టించి పక్కన పెట్టాను. బతికినవాటితో కలిపి అమ్మలేదు. మా ఇళ్లలో ఆ పూట అవే కూర.

కొత్త ఇళ్ల ఆమె ఒకతె డ్రమ్ములోకి తొంగి చూసి వెనక్కి గెంతింది. "అమ్మో, కదులుతోంది!"

"కదలకుంటే నీకు అమ్మనే అమ్మను," అన్నాను. ఆమె ఫోన్‌లో ఎవరెవరినో పిలిచింది. డ్రమ్ము ఖాళీ అయింది. షాహీన్ మళ్లీ చెరువుకు పోయింది, ఈసారి తక్కువ వేసుకుని వచ్చింది. ఆమె పోయిన ప్రతిసారీ, వలలో ఏం చూసి వస్తుందోనని రోడ్డు వైపే చూసేదాన్ని. మిట్టమధ్యాహ్నం బాలయ్య ఫోన్ చేశాడు. "వదినె, బతికే ఉన్నయ్!" అన్నాడు. అప్పుడు గాని నేను మంచినీళ్లు తాగలేదు.

పొద్దుగూకే వేళకు సేటు వ్యాన్ కింద ఐస్ నీళ్లు కాలువ కట్టాయి. మా వలలో ఇంకా చేపలు ఈదుతున్నాయి.

మాకు నచ్చిన చోట కూర్చుని అమ్ముకోవడమే స్వేచ్ఛ అని నేను అనుకునేదాన్ని. చేపను ఎప్పుడు బయటికి తీయాలో చెప్పే హక్కు మనది కాకపోతే, రోడ్డు పక్కన చోటు ఉండీ లాభం లేదని ఆ రోజు తెలిసింది. ఆనాడు విడిచిన చిన్నచేపలు మరుసటి ఏడు పెరిగి బరువు తూగాయి. చెరువు పని తెలియని పిల్ల గనుకనే షాహీన్ ఆ ప్రశ్న అడగగలిగింది. ఆమెను వద్దని ఉంటే, మా చేపలన్నీ సేటు డబ్బాల్లోకి పోయేవి.

సేటు ఇప్పటికీ వస్తాడు. వ్యాన్ కట్ట కింద ఆపి నడిచి వస్తాడు. వల దగ్గర నిలబడి షాహీనే అడుగుతుంది:

"ఎన్ని కావాలె సేటూ? చెప్పు, అన్నే తీస్తం."