సౌండు పెట్టించిన కారు

మా ఇల్లు వరంగల్ బజారులో. కింద చింతపండు దుకాణం, పైన మేము. మేమంటే అమ్మ, నాన్న, అన్నావదినలు, వాళ్ల పిల్లలు, నేను, నా భార్య. ఆ ఇంట్లో దగ్గితే ఎవరు దగ్గారో అందరికీ తెలుస్తుంది. మొగుడూ పెళ్లాం తలుపేసుకుని కాసేపు మాట్లాడుకుంటే, బయటికొచ్చేసరికి వదిన ముసిముసి నవ్వు సిద్ధంగా ఉంటుంది. అందుకే మా ఇద్దరి మధ్య ఏ మాటైనా ఉంటే ఆదివారం దాకా దాచుకునేవాళ్లం.

ఆదివారం నేను సరుకు చూడటానికి ములుగు వెళ్తాను. ఆమెనూ తీసుకెళ్తాను. చింతపండు మంచిచెడ్డలు నాకన్నా తనకే బాగా తెలుసని ఇంట్లో నమ్మించాను. పచ్చి అబద్ధం, ఆమె బస్తా వంక కూడా చూడదు. నాన్న ఎప్పుడో కొన్న పాత తెల్ల కారులో, అద్దాలు దించుకుని, పోతూ వస్తూ మాట్లాడుకోవడమే మా పని. పెళ్లయిన కొత్తలో మొదటిసారి పోట్లాడుకున్నదీ అందులోనే. ఇంట్లో అందుకు వీలేదీ?

ఆ కారులో క్యాసెట్ ప్లేయర్ ఏనాడో మూగబోయింది. నాకేమో పాటల పిచ్చి. పోయిన ఏడాది ఆ పిచ్చి ముదిరి, కారును హనుమకొండలో కార్లకు సౌండు బిగించే దుకాణానికి తీసుకెళ్లాను. పాతది పీకించి టచ్ స్క్రీన్, అన్ని డోర్లకూ కొత్త స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించాను. పాత కారు కదా, రేకు అదిరితే పాట పాడవుతుందని తలుపుల లోపల మందపాటి షీట్లు కూడా అతికించారు. తలుపు వేస్తే బయటి హారన్లు కూడా సన్నగా వినబడేవి. అన్న డిక్కీ తెరిచి చూసి, "ఇగ బస్తాలు నెత్తిమీద వెట్టుకొని తెస్తవారా?" అన్నాడు. నవ్వేశాను. నా కాళ్లు అప్పుడు నేల మీద లేవు.

మొదటి ఆదివారం అద్దాలెత్తి, ఏసీ వేసి, సౌండు పెంచాను. చిన్నప్పటి నుంచి విన్న పాటలోనే ఎన్నడూ వినని తబలా వినబడుతోంది. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తున్నాను. పక్కన ఆమె ఏదో చెప్తోంది. పెదవులు కదలడం కనబడింది. చెప్పడం అయ్యాక నా జవాబు కోసం చూసింది.

"సరే, చూద్దాం తియ్యి" అన్నాను.

ఏం చెప్పిందో నాకు తెలియదు. అడగాలంటే సౌండు తగ్గించాలి, తబలా మంచి పట్టు మీదుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. పాట తనకూ నచ్చిందనుకున్నాను. నా బుద్ధికి అంతే అందింది.

ఆ వారమంతా హుషారుగా తిరిగింది. నేను నాన్న దగ్గర కూర్చుంటే చాలు, గడపలోంచి నా వైపు చూసేది. తర్వాత తర్వాత ఆ చూడటం మానేసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను గానీ, నోరు తెరిచి అడగలేదు.

ఒకరోజు ఆమె స్నేహితురాలు చింతపండు కోసం దుకాణానికి వచ్చింది. కాశిబుగ్గ వైపు ఓ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నేను తూకం వేస్తుంటే, "అన్నా, మీ నాన్న వద్దన్నడా ఏంది? మా కాలేజీల కెమిస్ట్రీ పోస్టు దానికోసమే ఆపిచ్చిన. మీరు మాట్లాడ్తా అన్నరని చెప్పె. జూసి జూసి వేరేటోళ్లను తీసుకున్నరు" అంది.

చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

మా ఇళ్లలో ఉద్యోగం మాట కోడలు తనంతట తాను మామ దగ్గర ఎత్తదు. భర్తే ఎత్తాలి. ఎమ్మెస్సీ చదివిన మనిషి ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగింది, నేను సరే అన్నాను, ఇక నా వంతనుకుని ఎదురుచూసింది. నేను కదలకపోతే ఏమనుకుని ఉంటుంది? నాకు ఇష్టం లేదనుకుంటుంది, లేదా ధైర్యం లేదనుకుంటుంది. రెండోసారి అడగడం ఆమె స్వభావంలో లేదు.

ఆ ఆదివారం ములుగు దారిలో పాట ఆపేసి చెప్పాను. "ఆనాడు నువ్వు చెప్పింది నాకు వినవడలే."

ఆమె నా వైపు తిరిగింది. "మరి సరే అన్నరు గదా?"

"పాటల వడి అట్లన్న."

"నేను మా అమ్మకు గూడ ఫోన్ జేసి చెప్పిన, మీరు ఒప్పుకున్నరని."

తప్పయిందన్నాను. నాన్నతో మాట్లాడతానన్నాను, ఇంకో కాలేజీ చూద్దామన్నాను. నా గొంతు నాకే దుకాణంలో బేరమాడినట్టు వినబడింది. తిట్టినా బాగుండేది. "ఫికర్ చెయ్యకుండ్రి" అని ఊరుకుంది.

మళ్లీ ఆదివారం పొద్దున, బయల్దేరే ముందు దుకాణంలో నాన్నను ఆమె ఉద్యోగం గురించి అడిగాను. ఆయన పేపర్ దించకుండానే, "పోనియ్యిరా, సదువుకున్న పిల్ల. గీదానికి నన్నడుగుడేంది?" అన్నాడు. ఇంత సులువైన పని అని తెలిశాక నా మీద నాకు అసహ్యం ఇంకా పెరిగింది.

ఊరు దాటేదాకా ఆగాను. పాట పెట్టలేదు. తలుపుల్లో అతికించిన షీట్ల పుణ్యమా అని కారులో చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. గొంతు సవరించుకుని, "నీకొక మాట చెప్పాలె" అన్నాను.

ఆమె చెయ్యి చాపి పాట పెట్టింది. సౌండు బాగా పెంచి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.